కావలివాడి కాగితాలు

ఆ మధ్య వేసవి సెలవుల్లో ఒకనాటి సాయంత్రం వాకిట్లో కుర్చీ వేసుకొని జవాబు పత్రాలు దిద్దుకుంటున్నాను. గేటు దగ్గర ఇద్దరు కుర్రవాళ్ళు వచ్చి నిలబడ్డారు. ముందున్నవాడు చెప్పులు బయటనే విడిచి, రెండు చేతులూ జోడించాడు.

"నమస్తే సార్. గుర్తువట్టిండ్రా?"

గుర్తు పట్టకేం! ఆరేళ్ళ క్రితం మా నల్లగొండ కాలేజీలో బి.ఏ. చదివినవాడు. సంధులు, సమాసాలు అడిగితే వెనక బెంచీలో తల దించుకొనేవాడు గాని, పద్యం చదవమంటే మాత్రం గొంతు విప్పి చదివేవాడు. వెనకనున్నవాడు అతని తమ్ముడట. మర్రిగూడ వైపు పల్లె. కూర్చోమంటే అన్న అరుగు మీద కూర్చున్నాడు. తమ్ముడు గోడకు ఆనుకొని నిలబడ్డాడు.

"ఏం చేస్తున్నావురా ఇప్పుడు?" అన్నాను.

"పత్తి ఏసినం సార్. రెండేండ్ల సంది ఏం మిగల్లే. పట్నంల సెక్యూరిటీ గార్డుగ పోదామనుకుంటున్న. లైసెన్సు కావాలంట. ఒకాయన ఎనిమిది వేలిస్తె చేయిస్త అంటుండు. మేకలమ్మితె ఆరువేలొచ్చినయ్. ఇగ రెండువేలు సదరాలె."

అని జేబులోంచి మడతలు పెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. అచ్చు వేసిన ఫారం. పైన పెద్ద అక్షరాలతో 'సెక్యూరిటీ గార్డ్ లైసెన్స్' అని వుంది. అడుగున ఏదో గుండ్రటి ముద్ర. అందులోని అక్షరాలు భూతద్దం పెట్టినా చదవటానికి వీలులేకుండా వున్నాయి.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను తెలుగులో ఎం.ఏ. చదివినవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు పాఠం చెబుతున్నాను. అయినా ఆ ఫారం చూసి నేనన్న మాట: "అందరూ అంతే ఇస్తున్నారేమోరా. డ్రైవింగుకు లేదూ లైసెన్సు? ఇదీ అలాగే కాబోలు." పైగా తక్కువబడిన రెండువేలు నేను సర్దుతానని కూడా అన్నాను. అదృష్టవశాత్తూ ఆ పూట ఇంట్లో అంత నగదు లేదు. రేపు రమ్మన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఒక పద్యంలో మాట తెలియకపోతే నాలుగు నిఘంటువులు తిరగేసే నేను, ఒక కుర్రవాడి మేకల డబ్బు పోయే వ్యవహారంలో ఒక్క పుట తిరగేయకుండా 'కాబోలు' అనేశాను! తెల్లవారి తెలిసిన ఒక వకీలు గారి దగ్గరకు వెళ్ళి ఆ చట్టం ప్రతి తెచ్చుకొన్నాను. చదివాను. చదివిన సంగతి పాఠకులకు కూడా పనికివస్తుందని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

లైసెన్సు ఎవరిది?

ఈ చట్టం పేరు ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం. 2005లో పార్లమెంటు చేసింది. 2006 మార్చి 14 నుంచి అమలులోకి వచ్చింది. పేరులోనే వున్నది కిటుకంతా. నియంత్రణ ఏజెన్సీలకు, లైసెన్సు ఏజెన్సీకి. గేటు దగ్గర నిలబడే గార్డుకు లైసెన్సు అనేది ఈ చట్టంలో ఎక్కడా లేదు!

నేను రెండుసార్లు చదివాను, నాకు ఇంగ్లీషు సరిగా అర్థం కాలేదేమోనని. అర్థం సరిగానే అయింది. నలుగురు గార్డులను పెట్టి కాపలా వ్యాపారం చేయదలచినవాడు లైసెన్సు తీసుకోవాలి. అతని దగ్గర కొలువు చేసే గార్డుకు కొన్ని అర్హతలు వుండాలి. ఆ అర్హతలకు కాగితాలు వుంటాయి. అంతేగాని, గార్డు తన పేర లైసెన్సు కొనుక్కోవలసిన పని లేదు. అంటే మా కుర్రవాడు లేని వస్తువును ఎనిమిది వేలకు బేరం చేస్తున్నాడన్నమాట.

తుపాకి పట్టే గార్డు సంగతి వేరు. ఆయుధానికి 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు వుండి తీరాలి. 2019లో చేసిన సవరణతో దాని గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకు పెరిగింది. బ్యాంకుల ముందు తుపాకితో నిలబడే మాజీ సైనికుల విషయంలో 'గార్డు లైసెన్సు' అని జనం అనేది దీన్నే. ఆ మాట విని, చేతికర్ర పట్టేవాడికి కూడా లైసెన్సు వుంటుందని మనం భ్రమపడుతున్నాం. దళారీలు ఆ భ్రమ మీదనే బతుకుతున్నారు.

తలారి మొదలు గార్డు దాకా

కాపలా కాయటం మన పల్లెలకు కొత్త కాదు. తలారి అనే మాటకు తర్వాత్తర్వాత ఉరి తీసేవాడనే అర్థం స్థిరపడింది గాని, అతను ఊరి కావలివాడు. మన తెలంగాణా పల్లెల్లో నిజాం కాలంలో సేతుసింధి అనేవారు. పటేలు పంపితే పోవాలి. పన్ను పిలుపు అతనిదే, రాత్రి గస్తీ అతనిదే. కళ్ళంలో కొలిచే గింజలే జీతం. అతనికి లైసెన్సు లేదు, కాగితం లేదు. ఊరంతా అతన్ని ఎరుగును, అతను ఊరంతా ఎరుగును. ఆ ఎరుకే అతని గుర్తింపు కార్డు.

పాలమూరు వైపు కథ ఇంకా చిత్రం. వనపర్తి సంస్థానాధీశుల దగ్గర ఆఫ్రికా సంతతి సిద్దీల అంగరక్షక దళం వుండేది. ఆ దళం తర్వాత నిజాం సైన్యంలో చేరి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అయింది. హైదరాబాదులో మాసాబ్ ట్యాంకు దగ్గర ఏ.సీ. గార్డ్స్ అనే పేట పేరులోని ఆ రెండు అక్షరాలకూ అర్థం అదే. పాలమూరు నుంచి పట్నం వెళ్ళిన కావలివాళ్ళ పేర ఒక పేట నిలిచింది.

ఈనాడు కూడా పాలమూరు నుంచీ, నల్లగొండ మెట్ట మండలాల నుంచీ కావలివాళ్ళు పట్నం వెళ్తూనే వున్నారు. దేశంలో ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు కూలీలు వలసకు పేరు పడ్డవాళ్ళు. ఇప్పుడు ఆ ఇళ్ళ పిల్లల్లో చాలామంది హైదరాబాదు అపార్టుమెంట్ల కింద మెట్ల పక్క గదిలో కాపురం పెడుతున్నారు. మగవాడు గేటు చూస్తాడు, ఆడమనిషి నాలుగు ఫ్లాట్లలో గిన్నెలు తోముతుంది. వాళ్ళ పేర ఏ పేటా వెలవదు. ఊరు ఎరిగిన తలారికి కాగితం అక్కరలేకపోయింది. ఎవరూ ఎరుగని పట్నంలో కాగితమే మనిషి. అందుకని ఏ కాగితం తనదో, ఏది కాదో కావలివాడికి తెలిసి వుండాలి.

గోడ మీద చూడవలసింది

మరునాడు కుర్రవాళ్ళిద్దరూ రాగానే చెప్పాను: "రెండువేలు ఇవ్వను. ఆ ఆరువేలు కూడా నువ్వు ఎవరికీ ఇవ్వొద్దు. ముందు ఇది విను."

ఏజెన్సీకి లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర ప్రభుత్వం నియమించిన నియంత్రణాధికారి. హోం శాఖలో సంయుక్త కార్యదర్శి హోదాకో, దానికి సమానమైన హోదాకో తగ్గకూడదు. రుసుము చట్టంలోనే రాశారు. ఒక్క జిల్లాలో వ్యాపారానికి 5,000 రూపాయలు, ఒకటికి మించి అయిదు జిల్లాల దాకా 10,000, రాష్ట్రమంతటికీ 25,000.

ఇక్కడ ఒక తమాషా వుంది. చట్టం వచ్చిననాడు పాలమూరు ఒకటే జిల్లా. అయిదువేలు కడితే అటు కృష్ణ ఒడ్డు దాకా గార్డులను నిలబెట్టుకోవచ్చు. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాయి. మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల అయ్యాయి. 2019లో నారాయణపేట చేరింది. కొన్ని మండలాలు రంగారెడ్డిలోకి వెళ్ళినా, పాత పాలమూరు పేరు మీద లెక్కకు సరిగ్గా అయిదు జిల్లాలు! గార్డు నడిచే నేల పెరగలేదు గాని, ఏజెన్సీ కట్టే రుసుము రెట్టింపయింది.

లైసెన్సు అయిదేళ్ళు చెల్లుతుంది. గడువు తీరటానికి కనీసం 45 రోజుల ముందే పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టాలి. లైసెన్సు లేకుండా ఏజెన్సీ నడిపితే ఏడాది దాకా జైలు, లేదా 25,000 దాకా జరిమానా, లేదా రెండూ. అన్నిటికన్నా మనవాళ్ళకు పనికివచ్చే సంగతి ఏమంటే, లైసెన్సును గాని, దాని నకలును గాని, ఏజెన్సీ తన కార్యాలయంలో అందరికీ కనిపించేచోట పెట్టి తీరాలి. బొమ్మల కాలెండరు పక్కనే అయినా సరే, అది గోడ మీద వుండాలి. కొలువు అడగటానికి వెళ్ళినవాడు మొదట చూడవలసింది మేనేజరు ముఖం కాదు, ఆ గోడ.

గార్డుకు వుండవలసినవి

"మరి నాకేం గావాలె సార్?" అన్నాడు అన్న.

నేను వేళ్ళు మడిచి చెప్పాను. వయసు పద్ధెనిమిది నిండి వుండాలి, అరవై అయిదు నిండకూడదు. నేరానికి శిక్ష పడివుండకూడదు. తరువాత, గుణశీలాల విచారణ. పోలీసులు నువ్వు వున్న ఊరికి వచ్చి, నలుగురు పెద్దమనుషులను నీ సంగతి విచారిస్తారు. ఆ నివేదిక మూడేళ్ళు చెల్లుతుందని 2006లో కేంద్రం చేసిన మాదిరి నియమాలు చెబుతున్నాయి. వాటిని చూసుకొని రాష్ట్రాలు తమ తమ నియమాలు చేసుకొంటాయి. పాత ఊరి ఎరుక పూర్తిగా పోలేదన్నమాట. అది ఠాణా నివేదికలోకి చేరింది.

తరువాత శిక్షణ. వంద గంటలు తరగతి గదిలో, అరవై గంటలు బయట. మొత్తం 160 గంటలు, కనీసం ఇరవై పనిదినాల మీద జరగాలి. మాజీ సైనికులకూ, మాజీ పోలీసులకూ ఇది నలభై, పదహారు గంటలకు తగ్గుతుంది. ఏం నేర్పుతారంటే, జనంతో మర్యాదగా మెలగటం, డ్రెస్సు సరిగా తొడుక్కోవటం, నిప్పంటుకుంటే ఆర్పటం, గుంపును అదుపు చేయటం, బాంబు వంటి వస్తువును గుర్తించటం, ప్రథమ చికిత్స, గుర్తింపు కార్డులు పరీక్షించటం, పోలీసు, సైనిక హోదా చిహ్నాలు తెలుసుకోవటం, ఠాణాలో ఫిర్యాదు నమోదు చేయించే పద్ధతి, ఆత్మరక్షణ హక్కు ఎంతవరకు అన్నది. పాత నియమాల్లో శిక్షాస్మృతి అని రాసివుంటుంది. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది గనుక నేర్పేవాళ్ళు పాఠం మార్చుకోవాలి.

ఈ శిక్షణ ఇప్పించే బాధ్యత ఎవరిదో తెలుసా? ఏజెన్సీదే. చట్టం ఆ మాట స్పష్టంగా అంటున్నది. శిక్షణ ముగిశాక ఇచ్చే సర్టిఫికెట్టు మాత్రం నేర్చుకున్నవాడిది. ఆ గుండ్రటి ముద్ర ఫారం పారేసి, ఈ సర్టిఫికెట్టు కోసం అడుగు అన్నాను.

"ఇంగ్లీషు రావాల్నా సార్?" అని అడిగాడు భయపడుతూ. రావాలి, కొంచెం. ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు చదివి గ్రహించగలగాలి. కార్డుల మీదా, యంత్రాల మీదా వుండేవి అవే గనుక. తెలుగు రావాలని మాత్రం ఎక్కడా రాయలేదు. నేను తెలుగు మేష్టర్ని గనుక ఆ పుట దగ్గర కొంచెం సేపు ఆగాను.

డ్రెస్సు సంగతి నాకు బాగా నచ్చింది. భుజం మీద ఏజెన్సీ గుర్తు, తల మీద టోపీ, లేసులున్న బూట్లు, ఎడమ జేబులో తాడుకు కట్టిన ఈల. బట్టలు బిగుతుగానూ వుండకూడదు, వదులుగానూ వుండకూడదు. దానితోపాటు ప్రతి గార్డు దగ్గరా ఒక నోటుబుక్కు, రాసుకొనే కలమూ వుండాలట! కర్ర కన్నా ముందు కలం పట్టమన్న చట్టం ఇది. సైనికుల డ్రెస్సు గాని, పోలీసుల డ్రెస్సు గాని, వాటిని పోలినది గాని వేస్తే గార్డుకూ, ఏజెన్సీ యజమానికీ కూడా ఏడాది దాకా జైలు గాని, 5,000 దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. కొందరు యజమానులు ఠీవి కోసం ఖాకీ తొడిగిస్తారు. పట్టుబడితే యజమానితోపాటు తొడుక్కున్నవాడూ దోషే.

ఆఖరుది ఫోటో గుర్తింపు కార్డు. అది ఏజెన్సీ ఇవ్వాలి. పనిలో వున్నంతసేపూ నడుముకు పైన, ఎదుటివాడికి కనిపించేలా పెట్టుకోవాలి. పోతే వెంటనే ఏజెన్సీకి చెప్పాలి. కొలువు మానితే తిరిగి ఇచ్చెయ్యాలి.

నిలుపుకోవటం

సంపాదించటం ఒక ఎత్తు, నిలుపుకోవటం ఒక ఎత్తు. ఏజెన్సీ తన దగ్గర వున్న ప్రతి గార్డుకూ పన్నెండు నెలలకొకసారి వైద్య పరీక్ష చేయించాలి. చూపు తగ్గితే కళ్ళద్దాలతో సరిచేసుకోవచ్చు. ఎరుపు, పచ్చ తేడా తెలియకపోతే మాత్రం కుదరదు. యంత్రం మీద వెలిగే దీపం ఏ రంగో తెలియాలి కదా.

ఏజెన్సీ కూడా తన లైసెన్సు నిలుపుకోవాలి. ఎప్పుడు రద్దు కావచ్చునో చట్టంలో ఒక జాబితా వుంది. అందులో ఒకటి చదివి నేను కళ్ళద్దాలు తుడుచుకొని మళ్ళీ చదివాను. చట్టం చివర ఒక షెడ్యూలు వుంది. కూలి చెల్లింపు చట్టం, 1948 నాటి కనీస వేతనాల చట్టం, 1952 నాటి భవిష్యనిధి చట్టం, గ్రాట్యుటీ చట్టం వంటివి అందులో పేర్కొన్నారు. వాటిని ఉల్లంఘిస్తే ఏజెన్సీ లైసెన్సు రద్దు చేయవచ్చు. ఆ పాత చట్టాలను తర్వాత కొత్త కార్మిక స్మృతుల్లో కూర్చారు. చట్టం పేరు మారినంత మాత్రాన, చేసిన పనికి కూలి ఇవ్వాలన్నది మారదు.

అంటే, నెల జీతం ఎగవేసినవాడి లైసెన్సుకే ముప్పు. లైసెన్సు తనకు కావాలని తిరిగే కుర్రవాడికి, ఎదుటివాడి లైసెన్సు తనకు కాపలా అని ఎవరూ చెప్పలేదు!

ఒక మాట కూడా దాచకుండా చెప్పాలి. అపార్టుమెంటువాళ్ళు ఏజెన్సీ లేకుండా నేరుగా పెట్టుకొనే వాచ్‌మన్‌కు ఈ ఏర్పాట్లేవీ అందవు. శిక్షణ లేదు, కార్డు లేదు, ఏటేటా వైద్య పరీక్ష లేదు. మెట్ల పక్క గదిలో వున్నవాళ్ళలో చాలామంది బతుకు ఇంతే.

మోకాలు

ఇంతవరకు తమ్ముడు ఒక్క మాటా అనలేదు. గోడకు ఆనుకొని అలాగే వింటున్నాడు. అప్పుడడిగాడు:

"సార్, నేను గూడ పోవచ్చా?"

నేను చేతిలోని కాగితాల వంక చూశాను గాని, అతని వంక చూడలేకపోయాను. నిన్నటి నుంచీ అతను ఎందుకు కూర్చోలేదో నాకు అప్పుడు తెలిసింది. అతని రెండు మోకాళ్ళూ లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. కూర్చుంటే లేవటం కష్టం.

నల్లగొండ పాఠకులకు ఇంతకన్నా చెప్పనక్కరలేదు. తక్కినవారికి మనవి చేస్తాను. మా పడమటి మెట్ట మండలాల్లో, మర్రిగూడ, మునుగోడు ప్రాంతంలో, బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువ. ఆ నీళ్ళు తాగి పెరిగిన పిల్లలకు పళ్ళు గారపట్టేవి, ఎముకలు వంగేవి. ఫ్లోరోసిస్ వున్న పల్లెల్లో మోకాళ్ళు ఇలా లోపలికి వంగటాన్ని గురించి హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1970 దశకంలోనే రాశారు. పటిక, సున్నం కలిపి నీళ్ళలోని ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి లోకమంతటా 'నల్లగొండ పద్ధతి' అని పేరు. మా ఊరి పేరు నీటి శాస్త్రంలో అట్లా నిలిచింది.

అన్నదమ్ములిద్దరూ ఒక తల్లి బిడ్డలే. అన్న చిన్నప్పుడు అమ్మమ్మగారింట్లో, మిర్యాలగూడ దగ్గర, సాగరు ఎడమ కాలువ నీళ్ళ ఊళ్ళో పెరిగాడు. తమ్ముడు ఇంటి దగ్గర బోరు నీళ్ళు తాగాడు. నాగార్జునసాగరుకు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది మా జిల్లాలోనే. కాని ఆ నీళ్ళు పల్లానికి పారాయి, మెట్టకు ఎక్కలేదు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో ఇంటింటికీ కుళాయి నీళ్ళు వచ్చేనాటికి తమ్ముడి ఎముకలు వంగటం అయిపోయింది.

మాదిరి నియమాల్లో శరీర దారుఢ్యం గురించి ఇలా వుంది. మగవాళ్ళకు ఎత్తు 160 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకు 150. మగవాళ్ళ ఛాతీ 80 సెంటీమీటర్లు, ఊపిరి పీలిస్తే మరి నాలుగు. అరికాలు చదునుగా వుండకూడదు. మోకాళ్ళు లోపలికి వంగి వుండకూడదు. ఒక కిలోమీటరు ఆరు నిమిషాల్లో పరుగెత్తాలి.

ఆ వాక్యం అతనికి చదివి వినిపించవలసి వచ్చింది. పాఠం చెప్పటంలో నాకు అంత కష్టమైన వాక్యం ఎన్నడూ తగల్లేదు. నియమం తప్పని నేననను. దొంగ వెంట పరుగెత్తాలి, నిప్పంటుకుంటే మనిషిని ఎత్తుకు రావాలి. కాని విన్నవాడు నవ్వాడు. నవ్వి అన్నాడు:

"గార్డుకు ఇన్ని పరీక్షలున్నయ్ గద సార్. మేం తాగిన నీళ్ళకు ఏ పరీక్ష వెట్టిండ్రు?"

నా దగ్గర జవాబు లేదు. అన్న తల దించుకొన్నాడు, వెనక బెంచీలో కూర్చున్ననాటిలాగే.

దసరాకు

తర్వాత జరిగింది చెప్పి ముగిస్తాను. అన్న పట్నం వెళ్ళాడు. మొదట వెళ్ళిన కార్యాలయంలో గోడ మీద దేవుడి పటాలు వున్నాయి గాని లైసెన్సు లేదు. అడిగితే "ఫైల్లో వుంది, నీకెందుకు?" అన్నారట. వచ్చేశాడు. రెండో చోట గోడ మీద వుంది. గడువు ఏ సంవత్సరం దాకానో నోటుబుక్కులో రాసుకొన్నాడు. "ఎందుకయ్యా రాసుకుంటున్నావు?" అంటే, "మా సారు సెప్పిండు" అన్నాడట. వాళ్ళు నవ్వి చేర్చుకొన్నారు. ఊళ్ళో పోలీసు విచారణ అయింది. శిక్షణ అయింది.

దసరాకు ఇంటికి వస్తూ మా ఇంటికి వచ్చాడు. జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్ళకు మొక్కాడు. మెడలో కార్డు, జేబులో సర్టిఫికెట్టు నకలు. ఆరువేలు ఏం చేశావని అడిగాను. "మల్ల మేకలే కొన్నం సార్. తమ్ముడు మేపుతుండు" అన్నాడు. మళ్ళీ తనే, "ఊకె మేపుడు గాదు. పట్నం పోయేటోళ్ళు ఎవలున్నా ముందుగాల తమ్ముని తాన్కి వస్తుండ్రు. ఏ కాయిదం అసలుదో, ఏది నకిలీదో సూసి సెప్తడు. మీరిచ్చిన చట్టం కాయిదాలు వాని దగ్గర్నే ఉన్నయ్" అన్నాడు.

ఆ కాగితాలు నేను అన్నకు ఇచ్చాననుకొన్నాను. తమ్ముడు పట్టుకుపోయిన సంగతి నాకు తెలియనే తెలియదు. గేటు దగ్గర నిలబడటానికి ఆ మోకాళ్ళు పనికిరావని నియమం. కాని ఇప్పుడు వాళ్ళ ఊరి నుంచి పట్నం పోయే పిల్లల మేకల డబ్బుకు కాపలా కాస్తున్నది ఆ మోకాళ్ళవాడే.

మా కాలేజీ తెరవగానే నేను ఒక పని చేశాను. సంధులు, సమాసాలు ఎలాగూ చెబుతాను. వారానికొక గంట మాత్రం పిల్లల చేత ఫారాలు చదివిస్తున్నాను. దరఖాస్తు, రసీదు, నియామక పత్రం, ఒప్పందం, ఏది దొరికితే అది. మొదటి రోజు నల్లబల్ల మీద ఒకే ప్రశ్న రాశాను: 'ఈ కాగితం ఎవరిది?'